ఇంధన ట్యాంకరు డ్రైవరు శిక్షణ: వాడుకమాటలు – వృత్తిలో అర్థభేదాలు (గోదావరి డెల్టా నేపథ్యం)

వ్యాససంగ్రహం: సాధారణ లారీ డ్రైవరు ఇంధన ట్యాంకరు డ్రైవరుగా మారేటప్పుడు యంత్రాన్ని నడిపే నేర్పు కంటే కంటికి కనిపించని ప్రమాదాన్ని ఊహించే నేర్పును ఎక్కువగా సంపాదించవలసి ఉంటుంది. ఆ ఊహకు ఆధారమయ్యే ఆవిరి, ఎర్తు, లీటరు, ఖాళీ వంటి మాటలు నిత్యవ్యవహారంలో వేరే అర్థాన్ని మోస్తున్నాయి. ఆ అర్థాన్నే వృత్తిలోకి తెచ్చుకున్నప్పుడు పొరపాటుకు అవకాశం కలుగుతుంది. గోదావరి డెల్టాలో ఇంధనం నింపుకోవడం, తరలించడం, దింపడం అనే మూడు దశలను ఈ మాటల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వృత్తిపదజాలం, అర్థవిపరిణామం, ఇంధన రవాణా, గోదావరి డెల్టా, భద్రతా శిక్షణ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో వృత్తిపదాల సేకరణకు గట్టి పునాది ఉంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ‘మాండలిక వృత్తి పదకోశం’ తొలి సంపుటాన్ని భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో వెలువరించింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. ఆ వృత్తుల్లో మాట, పని కలిసే పెరిగాయి. నాగలి భాగాల పేర్లు తెలిసిన పిల్లవాడికి నాగలి సగం తెలిసినట్టే. మోటారు రవాణా వంటి ఆధునిక వృత్తుల పరిస్థితి దీనికి భిన్నం. ఇక్కడ పరికరం ఇంగ్లీషు పేరుతో వచ్చింది, నిబంధన ఇంగ్లీషులో వచ్చింది. పనివాడు మాత్రం తన ఇంటి తెలుగుతో వచ్చాడు.

ఇంధన రవాణాలో ఈ ఎడం ప్రాణాల మీదికి వస్తుంది. గోదావరి జిల్లాలకు రాజమహేంద్రవరం ఇంధన పంపిణీ కేంద్రం. హెచ్.పి.సి.ఎల్. విశాఖ–విజయవాడ–సికింద్రాబాద్ పైపులైను ఈ నగరం మీదుగానే సాగుతుంది. 1957లో కాల్‌టెక్స్ సంస్థ ఆధ్వర్యంలో మొదలై, 1978లో హెచ్.పి.సి.ఎల్.లో విలీనమైన విశాఖ రిఫైనరీ ఉత్పత్తులు ఈ మార్గంలో వస్తాయి. డిపో నుంచి కోనసీమ లంకల అంచున ఉన్న బంకు దాకా మిగిలిన దూరమంతా ట్యాంకరుదే. సార్వా, దాళ్వా కోతల కాలంలో వరికోత యంత్రాలకూ, కరెంటు పోయినప్పుడు రొయ్యల చెరువుల జనరేటర్లకూ డీజిలు ఆగకుండా అందాలి. కాబట్టి కొత్త డ్రైవరు మీద తొందర ఒత్తిడి మొదటి రోజు నుంచే ఉంటుంది.

2. లారీ నుంచి ట్యాంకరుకు

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 9వ నిబంధన ప్రకారం ప్రమాదకర సరుకు తీసుకువెళ్లే డ్రైవరుకు రవాణా వాహన లైసెన్సు ఒక్కటే చాలదు. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలి. గుర్తింపు పొందిన సంస్థలో మూడు రోజుల శిక్షణ పూర్తిచేసి, ఆ విషయాన్ని లైసెన్సులో నమోదు చేయించుకోవాలి. ఈ లైసెన్సు గడువు పూర్వం ఒక సంవత్సరం. 2019 చట్ట సవరణ దానిని మూడు సంవత్సరాలకు పెంచింది.

మూడు రోజుల పాఠ్యక్రమం చిన్నదేమీ కాదు. జాగ్రత్తగా నడపడం, వాహన తనిఖీ, సరుకు స్వభావం, ప్రమాద సూచిక పలకలు, మంటలార్పడం, ప్రథమచికిత్స, చివరికి బావులు, నదులు, చెరువుల సంరక్షణ కూడా అందులో ఉన్నాయి. ఇంత విషయం మూడు రోజుల్లో చెవిన పడుతుంది కాని చేతికి రాదు. చేతికి వచ్చేది పాత డ్రైవరు పక్కన కూర్చున్నప్పుడే. క్లీనరుగా చేరి, ‘గురువుగారూ’ అని పిలుస్తూ నేర్చుకునే పద్ధతి లారీ వృత్తిలో పాతదే. అయితే గురువు ‘ఇలా చేయాలి’ అని చూపినంత తేలికగా ‘ఇందుకు చేయాలి’ అని చెప్పడు. కారణం తెలియని అలవాటు తొందరలో ముందుగా జారిపోతుంది.

నేర్చుకోవడం కంటే మరచిపోవడం కష్టం. సాధారణ లారీ డ్రైవరుకు క్యాబిను ఇల్లు వంటిది. దారిలో బండి ఆపి స్టవ్ మీద వంట చేసుకోవడం, పొద్దున్నే దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగించడం, పండుగనాడు చక్రాల ముందు కర్పూరం వెలిగించి గుమ్మడికాయ కొట్టడం అతని జీవితంలో భాగాలు. ట్యాంకరులో వీటిలో నిప్పుతో ముడిపడిన ప్రతిదీ మానుకోవాలి. అగరుబత్తిని అగ్గిపుల్లతో సమానంగా చూడడం భక్తుడికి మనసొప్పని పని. శిక్షణలో ఈ సంగతిని నేరుగా, గౌరవంగా మాట్లాడడం అవసరం. పటానికి పూలదండ సరిపోతుందని చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు.

3. ‘ఆవిరి’ పైకి పోతుందా?

తెలుగువాడికి ఆవిరి అనగానే ఇడ్లీపాత్ర మూత తీసినప్పుడు పైకి లేచేది గుర్తుకు వస్తుంది. అది వేడిగా ఉంటుంది, తెల్లగా కనిపిస్తుంది, పైకి పోతుంది, కాసేపటికి మాయమవుతుంది. పెట్రోలు ఆవిరికి ఈ నాలుగు లక్షణాల్లో ఒక్కటీ లేదు. అది చల్లగా ఉన్నప్పుడూ పుడుతుంది, సాధారణంగా కంటికి కనిపించదు, గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు కనుక కిందికి దిగుతుంది. దిగి, గాలి ఆడని పల్లంలో నిలుస్తుంది. ‘ఆవిరైపోయింది’ అంటే వాడుకలో లేకుండా పోయిందని అర్థం. ఈ వృత్తిలో మాత్రం ఆవిరైన పెట్రోలు లేకుండా పోలేదు, చోటు మాత్రమే మార్చుకుంది. ఒకే మాట రెండు ఎదురెదురు భావనలకు వాహకమయ్యే ఇటువంటి సందర్భాలు అర్థవిపరిణామ చర్చల్లో తరచు వస్తాయి. ఇక్కడ మాత్రం ఆ మార్పు వినేవాడి మనసులో జరగలేదు. మాట వచ్చింది, అర్థం పాతదే ఉండిపోయింది.

పెట్రోలియం చట్టం, 1934 ఇంధనాలను మంటనందుకునే ఉష్ణోగ్రతను బట్టి వర్గీకరిస్తుంది. 23 డిగ్రీల సెల్సియస్‌లోపు మంటనందుకునేవి ‘ఎ’ తరగతి. 23 నుంచి 65 డిగ్రీలలోపువి ‘బి’ తరగతి. 65 నుంచి 93 డిగ్రీలలోపువి ‘సి’ తరగతి. పెట్రోలు మొదటిదానికి, డీజిలు రెండవదానికి చెందుతాయి. పెట్రోలు సున్నాకు దాదాపు 40 డిగ్రీల దిగువన కూడా మండగల ఆవిరినిస్తుంది. అంటే గోదావరి జిల్లాల వాతావరణంలో పెట్రోలు ఆవిరి లేని వేళ అంటూ ఉండదు. గాలిలో ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడే అది అంటుకుంటుంది. అంతకంటే పలచనైనా, చిక్కనైనా అంటుకోదు. ఈ చివరి వాక్యం ట్యాంకరు వృత్తి మొత్తానికి తాళంచెవి వంటిది. వ్యాసంలో దీని అవసరం మళ్లీ పడుతుంది.

నిప్పు, గ్యాసు అనే మాటలు కోనసీమకు పరాయివి కావు. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద ఓ.ఎన్.జి.సి. బావిలో ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా మరణించారు. ఇవి ట్యాంకరు ప్రమాదాలు కావు, వాటి కారణాలు వేరు. అయినా ఈ ప్రాంతం నుంచి వచ్చే కొత్త డ్రైవరుకు మంట భయం కొత్తగా నేర్పనవసరం లేదు. మంటకు ముందు ఉండే దానిని చూపించడమే నేర్పవలసిన పని.

4. ‘ఎర్తు’: లోడింగు దగ్గర

డిపోలోకి ప్రవేశించే ముందు ట్యాంకరు తనిఖీ జరుగుతుంది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, పొగగొట్టానికి నిప్పురవ్వలను ఆపే సాధనం, బ్యాటరీ కనెక్షన్‌ను తెంచే స్విచ్చి, లైసెన్సులు, తూనికలు కొలతల శాఖ ముద్రించిన కొలతపత్రం చూస్తారు. ఫోను, అగ్గిపెట్టె గేటు బయటే. లోపల ఇంజను ఆపి, గేరులో ఉంచి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాక మొదటి పని ఎర్తు తగిలించడం.

ఎర్తు అనే మాట ప్రతి ఇంట్లో ఉంది. మోటారుకు ఎర్తు లేకపోతే షాకు కొడుతుందని అందరికీ తెలుసు. కనుక కొత్త డ్రైవరు ట్యాంకరు ఎర్తును కూడా తనకు షాకు తగలకుండా పెట్టినదిగా భావిస్తాడు. పొడి చెప్పులు వేసుకున్నాను, కరెంటు లేదు, ఎర్తు ఎందుకు అనుకునే వీలు అక్కడే ఏర్పడుతుంది. అసలు కారణం వేరు. పెట్రోలు, డీజిలు విద్యుత్తును సరిగా ప్రవహింపనీయని ద్రవాలు. అవి పైపులో, ఫిల్టరులో వేగంగా ఒరుసుకుంటూ పోయినప్పుడు వాటిలో స్థిరవిద్యుత్తు పోగవుతుంది. చలికాలంలో ఉన్ని దుప్పటి చీకట్లో లాగితే చిటపటమని మెరిసేది ఇదే. రబ్బరు టైర్ల మీద నిలబడిన ట్యాంకరుకు ఆ ఆవేశం నేలలోకి పోయే దారి ఉండదు. నింపే గొట్టానికీ ట్యాంకరుకూ మధ్య తేడా పెరిగినప్పుడు రవ్వ దూకుతుంది. పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి మిల్లీజౌలులో నాలుగో వంతు శక్తి సరిపోతుంది. మనిషి చేతివేలి నుంచి దూకే మామూలు రవ్వలో అంతకంటే ఎక్కువే ఉండవచ్చు. ఎర్తు డ్రైవరును కాపాడేది షాకు నుంచి కాదు, రవ్వ నుంచి.

ఈ కారణం తెలిస్తే మిగిలిన నియమాలు కంఠస్థం చేయనక్కరలేదు. మూత తీయకముందే ఎర్తు పెట్టాలి, మూత వేశాకే తీయాలి. ఆవిరి ఉన్న చోట ఎర్తు క్లిప్పు తగలడం, ఊడడం జరగకూడదు కదా. క్లిప్పు రంగు మీదో తుప్పు మీదో కాకుండా శుభ్రమైన లోహం మీద కరచుకోవాలి. చాలా డిపోల్లో ఎర్తు సరిగా లేకపోతే పంపు మొదలుకాని ఏర్పాటు ఉంటుంది. పై నుంచి నింపేటప్పుడు గొట్టం గది అడుగుదాకా దించాలి. ఎత్తు నుంచి పడి చిందిన ద్రవంలో ఆవేశమూ ఆవిరీ రెండూ పెరుగుతాయి. గొట్టం మొన మునిగేదాకా ప్రవాహ వేగం సెకనుకు ఒక మీటరు మించకూడదు. నైలాన్ చొక్కా కంటే నూలు చొక్కా మేలు.

ఇక్కడ అనుభవజ్ఞులు కూడా పొరబడే చోటు ఒకటి ఉంది. ఎర్తు వైరు ట్యాంకరు ఒంటి మీది ఆవేశాన్ని వెంటనే తీసేస్తుంది కాని, ద్రవం లోపల ఉన్న ఆవేశాన్ని వెంటనే తీయలేదు. అది మెల్లగా గోడలకు చేరి తగ్గాలి. అందుకే నింపిన వెంటనే లోహపు డిప్ రాడ్డు దించకుండా కొన్ని నిమిషాలు ఆగాలి. పనిలేని నిరీక్షణలా కనిపించే ఆ నిమిషాల్లోనే అసలు పని జరుగుతోంది.

డీజిలు అంత ప్రమాదకరం కాదనే నమ్మకం మరొకటి. అది నిజమే, అయితే ఒక్క సందర్భం తప్ప. నిన్న పెట్రోలు తెచ్చిన గదిలో ఈరోజు డీజిలు నింపుతున్నారనుకుందాం. గదిలో మిగిలిన పెట్రోలు ఆవిరి మొదట మరీ చిక్కగా ఉండి అంటుకోదు. డీజిలు లోపలికి వచ్చేకొద్దీ ఆ ఆవిరిని పీల్చుకుని పలచన చేస్తుంది. ఒక దశలో అది సరిగ్గా మండగల హద్దులోకి దిగుతుంది. అదే సమయంలో డీజిలు ప్రవాహం స్థిరవిద్యుత్తును పుట్టిస్తూ ఉంటుంది. రెండు అపాయాలూ ఒక్కచోట కలిసే ఈ నింపుడు, పెట్రోలు మీద పెట్రోలు నింపడం కంటే ఎక్కువ జాగ్రత్త కోరుతుంది. గదిలో అంతకుముందు ఏముందన్న ప్రశ్న కాగితం కోసం వేసేది కాదు.

5. కాలవగట్టు మీద: కట్ట అనే మాట

నింపిన ట్యాంకరు నీటి మీద నీటిని దాటుతూ పోతుంది. జాతీయ రహదారి 16 మీద జొన్నాడ–రావులపాలెం మధ్య గౌతమిని, సిద్ధాంతం వద్ద వశిష్ఠను దాటాలి. రహదారి 216 మీద ఎదుర్లంక–యానాం, పాశర్లపూడి–బోడసకుర్రు, దిండి–చించినాడ వంతెనలున్నాయి. పెద్దరోడ్డు దిగాక ఒకపక్క కాలవ, మరోపక్క చేను, లాకుల దగ్గర ఉన్నట్టుండి మలుపు.

‘నిండుకుండ తొణకదు’ అనే సామెత ట్యాంకరు పాఠ్యపుస్తకంలో ఉండదగినది. సగం నిండిన గదిలోని ద్రవం మలుపులో ఒక పక్కకు, బ్రేకు వేసినప్పుడు ముందుకు ఒరిగి, బండిని తనతో లాగుతుంది. బియ్యం బస్తాల లారీకి ఈ గుణం లేదు. ట్యాంకును చిన్న గదులుగా విభజించడానికి, గదిని పూర్తిగానో ఖాళీగానో ఉంచడానికి ఇదొక కారణం. పూర్తిగా అన్నప్పుడు అంచుదాకా కాదు. ఎండకు ద్రవం ఉబ్బడానికి పైన చోటు వదలాలి.

బండి మీది నారింజరంగు పలక కొత్త డ్రైవరుకు కేవలం అంకెల వరుస. పెట్రోలుకు 1203, డీజిలుకు 1202 అనేవి ఐక్యరాజ్యసమితి గుర్తింపు సంఖ్యలు. పెట్రోలు పలక మీద కనిపించే ‘3 వై ఇ’లో మూడు అంటే నురుగుతో ఆర్పాలని. నీళ్లు పోస్తే పెట్రోలు నీటి మీద తేలి మంటను మోసుకుపోతుంది. ‘మంటకు నీళ్లు’ అనే సహజబుద్ధి ఇక్కడ పనికిరాదు. ‘ఇ’ అంటే చుట్టుపక్కల జనాన్ని దూరంగా పంపాలని. ఇక ‘వై’లో ఉన్న సూచనల్లో ముఖ్యమైనది, ఒలికినదాన్ని కాలవల్లోకి, డ్రెయినుల్లోకి పోనీయకుండా ఉన్నచోటనే నిలపాలన్నది. ఎక్కడో తయారైన సంకేతంలో ఈ ఒక్క అక్షరం డెల్టా కోసం రాసినట్టుంటుంది. ఇక్కడ కాలవ నీరే వేసవిలో ఊరి మంచినీటి చెరువును నింపుతుంది, చేపల చెరువులోకి, వరిచేనులోకి పోతుంది.

ఆవిరి అన్న మాట తప్పుదారి పట్టించినట్టు కాకుండా, ఇక్కడ తెలుగు మాట సాయానికి వస్తుంది. గండి పడినచోట మట్టితో కట్ట వేయడం డెల్టా రైతుబిడ్డకు ఎవరూ నేర్పనక్కరలేదు. నిప్పురవ్వ పుట్టించని పద్ధతిలో, గాలికి ఎగువన నిలబడి, కాలవకూ ఒలికిన ఇంధనానికీ మధ్య ఇసుకతోనో మట్టితోనో కట్ట వేయడమే ఆ ‘వై’కి తెలుగు. ఆ తరువాత సమీప పోలీసు స్టేషనుకు తెలపడం 136వ నిబంధన డ్రైవరు మీద పెట్టిన బాధ్యత.

జనాన్ని దూరంగా ఉంచడం అన్నిటికంటే కష్టం. 2017 జూన్ 25న పాకిస్థాన్‌లోని అహ్మద్‌పూర్ షర్కియా దగ్గర బోల్తాపడిన ట్యాంకరు నుంచి కారుతున్న పెట్రోలును బిందెలు, సీసాలు పట్టుకుని నింపుకోవడానికి జనం చేరారు. మంట అంటుకుని రెండు వందల మందికి పైగా మరణించారు. ఊళ్లో తెలిసిన మొహాలను ‘దగ్గరికి రాకండి’ అని గద్దించవలసి రావడం ఒక డ్రైవరుకు ఎదురయ్యే అత్యంత ఇబ్బందికరమైన క్షణం కావచ్చు. దాన్ని కూడా శిక్షణలో అభినయించి చూపాలి.

6. ‘లీటరు’ ఎంత?

బంకుకు చేరాక డ్రైవరుకూ బంకు యజమానికీ మధ్య మాటపట్టింపు ఎక్కువగా వచ్చేది కొలత దగ్గర. లీటరంటే ఎక్కడైనా లీటరేనన్నది సామాన్య భావన. పాలకు, నూనెకు అది చాలు. పెట్రోలు ఒక డిగ్రీ వేడికి సుమారు 0.12 శాతం ఉబ్బుతుంది. 12 వేల లీటర్ల పెట్రోలు అయిదు డిగ్రీలు చల్లబడితే దాదాపు 70 లీటర్లు తగ్గినట్టు కనిపిస్తుంది. మధ్యాహ్నపు ఎండలో నింపుకుని తెల్లవారుజామున దింపిన కొత్త డ్రైవరు, ఈ లెక్క తెలియకపోతే, చేయని దొంగతనానికి తలదించుకుని నిలబడతాడు. నిజంగా తీసినవాడికీ ఈ లెక్కే చాటు కావచ్చు. అందువల్లనే డెన్సిటీ పరీక్ష ఉంది. నమూనా తీసి, ఉష్ణోగ్రతతో కలిపి చూసి, 15 డిగ్రీల వద్ద డెన్సిటీకి మార్చి, చలానులో ఉన్నదానితో పోలుస్తారు. తేడా ఘనమీటరుకు 3 కిలోలు దాటకూడదు. ఉబ్బడం, తగ్గడం వల్ల లీటర్లు మారినా ఈ సవరించిన సంఖ్య మారదు. డ్రైవరు నిజాయితీకి సాక్ష్యం ఆ సంఖ్యే కనుక, దాన్ని చదవడం అతనికి బంకు యజమాని కంటే ఎక్కువ అవసరం.

దింపే క్రమం చెప్పడానికి సులువు, పాటించడానికి ఓర్పు కావాలి. బండిని బయటికి పోయే దిశలో ఆపడం, ఎర్తు పెట్టడం, సీళ్లు చూపించడం, నీటి ఆనవాలు పట్టే పేస్టుతో డిప్ చూడడం, భూగర్భ ట్యాంకులో ఎంత చోటుందో ముందే కొలిపించడం, ఏ గొట్టం ఏ ట్యాంకుకో ఇద్దరూ కలిసి సరిచూడడం. పెట్రోలు డీజిలు ట్యాంకులో పడితే ఆ ఒక్క నిమిషం పొరపాటు తరువాత ఎన్ని వాహనాలకు తగులుకుంటుందో చెప్పలేము. ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక నీటి సంగతి మరింత ముఖ్యమైంది. నీరు చేరితే ఇథనాల్ దానితో కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతుంది. భూగర్భజలం పైపైనే ఉండే డెల్టాలో, వర్షాకాలంలో మూత రబ్బరు చిరిగిన ట్యాంకరు ఇందుకు చాలు.

దింపుతున్నంతసేపూ వాల్వు దగ్గర నుంచి కదలకూడదు. రాత్రంతా నడిపిన మనిషికి ఇదే అసలు పరీక్ష. బంకులో కస్టమర్లు వరుసకట్టి, యజమాని గడియారం చూసుకుంటూ ఉంటే, ‘రెండు నిమిషాలాగండి, ఎర్తు పెట్టనివ్వండి’ అనడానికి వయసులో, హోదాలో చిన్నవాడైన కొత్త డ్రైవరు జంకుతాడు. గోదావరి జిల్లాల మర్యాదలో ‘అండి’ ఉంది కనుక ఆ మాట కటువు కానక్కరలేదు. కాని అది అనగలిగే అధికారం అతనికి ఉందని యజమానులు, రవాణాదారులు ముందే ఒప్పుకుని ఉండాలి. డ్రైవరుకు తగిన సూచనలు, శిక్షణ అందేలా చూడవలసింది బండి యజమానేనని 135వ నిబంధన చెబుతోంది.

7. ‘ఖాళీ’ బండి

దింపడం పూర్తయింది, గది అడుగు చూపించారు, సంతకాలయ్యాయి. ఇక బండి ఖాళీ. వాడుకలో ఖాళీ అంటే ఏమీ లేనిది. ఖాళీ లారీని చూసి ఎవరూ భయపడరు. ఖాళీ ట్యాంకరులో మాత్రం ద్రవం పోయిన మేరకు గాలి వచ్చి చేరింది. గోడలకు అంటిన పెట్రోలు ఆవిరిని ఇస్తూనే ఉంది. పైన చెప్పిన 1.4–7.6 శాతాల హద్దులోకి ఆ మిశ్రమం చేరేది ఇటువంటి గదిలోనే. నిండుగా ఉన్నప్పుడు మరీ చిక్కనై అంటుకోని ఆవిరి, ఖాళీ అయ్యాక అంటుకునే స్థితికి వస్తుంది.

తిరుగు ప్రయాణంలో డ్రైవరు మనసు తేలికపడుతుంది. సరుకు చేరవేశాడు, కొలత తేలింది, ఇంటికి పోతున్నాడు. దారిలో టీ దుకాణం దగ్గర స్టవ్ పక్కనే ఆపడం, చినుకుతున్న మూతకు చిన్న వెల్డింగు వేయిద్దామని లారీ షెడ్డులోకి తిప్పడం ఈ తేలికతనంలోనే జరుగుతాయి. ట్యాంకును శుభ్రపరచి, మండే ఆవిరి లేదని అర్హత ఉన్న వ్యక్తి పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చాకగాని దాని మీద నిప్పుతో కూడిన మరమ్మతు చేయరాదని పెట్రోలియం నిబంధనలు చెబుతున్నాయి. షెడ్డులో వెల్డింగు చేసే కుర్రవాడికి ఆ నిబంధన తెలిసే అవకాశం తక్కువ. ‘ఖాళీ బండే కదండీ’ అని అతను అడిగినప్పుడు, కాదని చెప్పి బండి వెనక్కి తిప్పవలసినవాడు డ్రైవరే.